చింతపండుతో తోమిన తూటా

మొన్న ఆదివారం మా చిన్నాయన కొడుకు కిశోర్ మాలూరులో మా ఇంటికి వచ్చి, కారు తాళాలు భోజనాల బల్ల మీద పడేశాడు. ఆ గుత్తికి వేలెడు పొడుగున్న ఇత్తడి తూటా ఒకటి వేలాడుతోంది. నిజానికి తూటా కాదు, పేలిపోయిన తూటా గుల్ల. నోటి దగ్గర మసి ఇంకా పోలేదు. చూడగానే గుర్తుపట్టాను. అది మా తాత తుపాకీలో పేలినది. మా బంధువుల్లో నలుగురు ఒకచోట కూడితే చాలు, ఈ గుల్ల పేరుతో ఒక కథ చెప్పుకుని పగలబడి నవ్వుతారు. చింతపండు తూటా కథ అంటారు దాన్ని. అందులో నవ్వులపాలయ్యేది మా అవ్వ, అంటే మా నాన్నను కన్న తల్లి.

కిశోర్ బెంగళూరులో కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తాడు. స్నేహితులతో కలిసి ఆఫ్రికాకు పోతున్నాడట. సింహాలనూ ఏనుగులనూ చూడటానికి అనుకున్నాను. కాదట, వేటకట. అక్కడ దానికి అనుమతులిస్తారట, తుపాకీ కూడా వాళ్ళే ఇస్తారట, మనం చేయవలసిందల్లా ఏ మృగానికి ఏ తూటా కావాలో ఎంచుకోవడమేనట. ఫోనులో బొమ్మలు తీసి చూపించాడు. పెళ్ళి చీరలు పరిచినట్టు తూటాలు వరసగా పరిచి ఉన్నాయి. "తాత పెద్ద షికారీ గదక్కా, పెద్ద మృగానికి ఏది బాగుంటాదని నీకేమన్నా చెప్పినాడా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే గుల్లను వేలికి తగిలించుకుని తిప్పుతూ, "అక్కడ క్యాంపులో అందురికీ ఇది చూపించి అవ్వ కథ చెప్తా. ఫుల్ కామెడీ అక్కా!" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి కంచంలో వెయ్యబోయిన కూరను మళ్ళీ గిన్నెలోకే తిప్పేశాను. పోయిన మనిషి, తిరిగి వచ్చి మాట్లాడలేని మనిషి, ఆమెను ఇంకో దేశం తీసుకుపోయి మరీ నవ్వులపాలు చెయ్యాలా వీళ్ళు?

కేజీఎఫ్‌లో బంగారు గని మూతపడిన తర్వాతి రోజులవి. నేను డిగ్రీలో అప్పుడే చేరాను. గని పక్కనే ఉన్న ఛాంపియన్ రీఫ్స్‌లో చిన్నాయనకు ఇచ్చిన క్వార్టర్సులో అందరం కలిసి ఉండేవాళ్ళం. తాత గని స్టోర్సులో హెడ్డు గుమాస్తాగా చేసి ఎప్పుడో రిటైరయ్యాడు. మా నాన్న రాబర్ట్‌సన్‌పేటలో బడి పంతులు. చిన్నాయన గని టైమాఫీసులో గుమాస్తా. గని పోయింది గనక ఇంక ఆయన దేనికీ గుమాస్తా కాదు. కొత్తగా పెళ్ళయి, చంటిపిల్లాడు ఉయ్యాలలో ఉన్నాడు. ఆ చంటిపిల్లాడే ఈ కిశోర్. షిఫ్టు మారేటప్పుడు ఊదే సంగు, అదే గని సైరను, ఆగిపోయాక మా ఇంట్లో అన్ని పనులూ వేళ తప్పాయి. అంతకుముందు అవ్వకు గడియారంతో పని ఉండేది కాదు. పొద్దుటి సంగుకు డికాక్షన్ దించేది, మధ్యాహ్నం సంగుకు రాగిముద్ద కెలికేది, సాయంత్రం సంగుకు దీపం పెట్టేది. సంగు లేని రోజుల్లో గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చి, బంగారం తీశాక గనివాళ్ళు పారబోసిన మట్టి, ఆ సైనైడు దిబ్బల వైపు చూసి, ఎండ ఎంతవరకు దిగిందో అంచనా వేసుకుని లోపలికి పోయేది. గాలి తిరిగినప్పుడు ఆ దిబ్బల మీది బూడిదరంగు దుమ్ము లేచి వచ్చి, ఆరేసిన గుడ్డల మీదా, వడియాల మీదా, ఉయ్యాల తాళ్ళ మీదా పడేది. అవ్వ దులిపేది, మళ్ళీ పడేది.

మగవాళ్ళు వరండాలో కూర్చునేవాళ్ళు. వాళ్ళకు ఇంక వేరే చోటు లేదు. చిన్నాయన, ఆయనతో పాటు ఉద్యోగం పోయిన ఇద్దరు ముగ్గురు స్నేహితులు, మధ్యలో పడక్కుర్చీలో తాత. కోర్టు కేసు ఏమైంది, గని మళ్ళీ తెరుస్తారా, ఢిల్లీ వాళ్ళు ఏమంటున్నారు అని మొదలుపెట్టి, ఆ మాటలు ఎటూ తేలక, చివరికి తాత షికారు కబుర్లలోకి దిగేవాళ్ళు. ఏనుగుకు ఏ తూటా, చిరుతకు ఏ తూటా, అడవిదున్నకు ఎక్కడ గురిపెట్టాలి అని గంటలు గంటలు తెగ వాదించుకునేవాళ్ళు. ఆ వాదనల్లో వాళ్ళ గొంతులు మళ్ళీ ఉద్యోగస్తుల గొంతుల్లా ఖంగున మోగేవి. లోపల అవ్వా, అమ్మా, పిన్నీ మూడోసారి కాఫీ కలుపుతూ వినేవాళ్ళు.

తాతకు నిజంగానే లైసెన్సు ఉన్న తుపాకీ ఉండేది. లైసెన్సులో తన పేరు పక్కన చిన్నాయన పేరు కూడా ఎక్కించాడు. ఆదివారం తలంటుకున్నాక తాత వరండాలో చాప పరిచి, దాని మీద దుప్పటి పరిచి, తుపాకీని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టేవాడు. గొట్టంలోకి నూనెగుడ్డ దూర్చి లాగేవాడు. ఆ నూనె వాసనా, సీకాయ వాసనా, లోపల మరుగుతున్న కాఫీ వాసనా కలిసి మా ఇంటి ఆదివారం వాసన. తర్వాత రెండు బిస్కెట్టు డబ్బాలు తీసేవాడు. పెద్ద డబ్బాలో మెత్తముక్కు తూటాలు. వాటి కొసన సీసం బయటికి కనబడుతూ ఉంటుంది. మృగానికి తగలగానే ఆ కొస విచ్చుకుని, లోపలే ఆగిపోయి, దాన్ని ఉన్నచోటే పడగొడుతుంది. చిన్న డబ్బాలో గట్టిముక్కు తూటాలు. వాటికి కొసదాకా రాగి తొడుగు. అవి విచ్చుకోవు. ఏనుగులాంటి దాని పుర్రె ఎముకను తొలుచుకుని పోవడానికి చేసినవి. ఎప్పుడో దేశం వదిలిపోతూ ఒక గని దొర తాతకు ఇచ్చిపోయాడట. తాత వాటిని ఎన్నడూ వాడలేదు, ఊరికే తుడిచి దాచేవాడు.

"పెద్ద మృగాన్ని పడగొట్టేది గురి ఒకటే కాదమ్మా, తూటా," అని నాకు చెప్పేవాడు. "పందికి గట్టిది వేసినావనుకో, ఈ పక్క దూరి ఆ పక్క పోతాది. పంది పడదు. దెబ్బతిన్న పంది మనిషి మీదికొస్తాది. దేనికేది వెయ్యాలో తెలీనోడు తుపాకీ ముట్టుకోరాదు." ఆ మాటలు నాకు ఎక్కాల్లాగా కంఠతా వచ్చు. చిన్నాయనకూ వచ్చు. ఆయన నాకంటే ఎన్నో ఆదివారాలు ఎక్కువ విన్నవాడు.

ఆ ఏడు ఆయుధ పూజ వచ్చింది. అంతకుముందు ఆయుధ పూజ అంటే కేజీఎఫ్‌లో ఊరంతా వెలిగిపోయేది. షాఫ్టుల దగ్గర అరటి పిలకలు, యంత్రాలకు బూడిద గుమ్మడికాయలు, ప్రతి ఇంట్లోనూ తండ్రి హెల్మెట్టుకూ టార్చికీ కుంకుమ బొట్లు. ఆ ఏడు పూజకు పెట్టడానికి ఎవరి దగ్గరా ఏ ఆయుధమూ లేదు. వద్దులెండి ఈ సారికి అన్నాడు తాత. అవ్వ ఒప్పుకోలేదు. "పనిముట్టు పోతే పోయింది, పండగ పోతాదా?" అని చిన్నాయన హెల్మెట్టు కడిగింది, నాన్న పెన్ను తుడిచింది, కత్తిపీట, రోకలి, కుట్టుమిషను అన్నిటికీ పసుపు రాసింది. దొడ్లో కూర్చుని పూజ సామాన్లు తోముతూ తూటాలు కూడా తెమ్మంది. ఇత్తడి అంటే ఆమెకు ఒకటే లెక్క: చింతపండు పెట్టి రుద్దడం, బూడిద పెట్టి మెరుగుపెట్టడం, కడిగి ఎండలో బోర్లించడం. దీపపు కుందులూ, హారతి పళ్ళెమూ, గంటా తోమినట్టే రెండు డబ్బాల తూటాలూ తోమింది. అరటి ఆకు మీద వరసగా పేర్చి కుంకుమ పెట్టింది.

తాత వచ్చి చూశాడు. నేను పక్కనే ఉన్నాను. కోప్పడలేదు. ఒకటి చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టి, "ఓహోహో, బంగారం మాదిరి ఉండాయే! గనిలో అయిపోయిన బంగారమంతా మా ఇంట్లోనే ఉండాది," అని నవ్వాడు. ఆ ఏడంతా తాత నవ్వగా చూసింది ఆ రోజే. పూజ అయ్యాక ఆయనే వాటిని పొడిగుడ్డతో తుడిచి, నూనె రాసి, డబ్బాల్లో సర్దాడు. ఈ సంగతి కథ చెప్పేవాళ్ళు చెప్పరు. కథలో అవ్వ దొంగచాటుగా తోముతుంది, తాత లబోదిబోమంటాడు. అంతా కల్పన.

కొన్నాళ్ళకు మునియప్ప వచ్చాడు. క్యాసంబళ్ళి పక్కన చిన్న పల్లె అవ్వ పుట్టినూరు. మునియప్ప ఆమెకు వరసకు తమ్ముడు. అవ్వకు సొంత అన్నదమ్ములు లేరు గనక ఆమె పుట్టిల్లు అంటే మునియప్ప ఇల్లే. మా ఇంటికి రాగులు అక్కడినుంచే వచ్చేవి. ఏడాదికి ఒకసారైనా అవ్వ పోయి అక్కడ నాలుగు రోజులుండి, మునియప్ప భార్య నారాయణమ్మతో అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తూ కడుపారా మాట్లాడుకుని వచ్చేది. ఇద్దరూ వదినా మరదళ్ళు, కానీ చూసినవాళ్ళు అక్కాచెల్లెళ్ళనుకునేవాళ్ళు. ఆ రోజు మునియప్ప వరండాలో నిలబడి తాతతో అన్నాడు. "ఒంటిపంది బావా. దూడంత ఉండాది. చెనక్కాయ చేనంతా పెళ్ళగించేసినాది. డప్పు కొడితే బెదరదు, టపాసు కాలిస్తే బెదరదు. ఫారెస్టు ఆఫీసోళ్ళ కాళ్ళు పట్టుకుని కొట్టేదానికి పర్మిషను తెచ్చినా. నువ్వొచ్చి కొట్టిపెట్టల్ల."

తాతకు కళ్ళు సరిగా కనబడవు. చిన్నాయన కొడతాడన్నాడు. చిన్నాయన లేచి నిలబడ్డాడు. గని మూతపడ్డాక ఆయన అలా నిటారుగా నిలబడటం నేను చూడలేదు. స్నేహితులు భుజం తట్టారు. అప్పుడు మొదలైంది తూటా మాట. తాత పెద్ద డబ్బా తీశాడు. చిన్నాయన దాన్ని పక్కకు జరిపి చిన్న డబ్బా తీశాడు.

"పందికి మెత్తది చాలురా," అన్నాడు తాత.

"అది సుమ్నే అట్లాంటి ఇట్లాంటి పంది కాదు నాయనా. దూడంత ఉండాది అంటా ఉండాడు మామ. గట్టిదే వేస్తా."

"అదేరా! పెద్దదానికి పెద్దదే వెయ్యల్ల!" అన్నారు స్నేహితులు.

తాత కొడుకు మొహం వైపు చూశాడు. నాకు చెప్పిన మాట అప్పుడు కొడుక్కి చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. గని పోయిన దగ్గర్నుంచి తాత చిన్నాయనను నలుగురిలో ఒక్క మాట అనేవాడు కాదు. "ఉద్యోగం పోయినోడిని ఏమని అంటావు" అని అవ్వతో చెప్పుకునేవాడు. ఆ జాలితోనే ఆ రోజు కూడా నోరు మూసుకుని, పడక్కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. కాఫీ గ్లాసులు తీసుకోవడానికి వచ్చిన నేను ఇదంతా గుమ్మంలోంచి విన్నాను. "తాతా, పందికి గట్టిది వెయ్యరాదని నువ్వే కదా చెప్పావు" అన్నాను. "ఆడపిల్లకు తూటాలతో ఏం పని, లోపలికి పో" అన్నాడు చిన్నాయన. స్నేహితులు నవ్వారు.

అందరం పల్లెకు పోయాం. పంది చేను మేసి తెల్లవారేటప్పుడు పొదల్లోకి తిరిగిపోయే దారి మునియప్పకు తెలుసు. మామిడి తోపు పక్కన రాతి కట్ట వెనక మగవాళ్ళు కాపు కాశారు. అవ్వా నేనూ నారాయణమ్మ ఇంటి దొడ్లో ఉన్నాం. తూర్పు తెల్లబడింది. నారాయణమ్మ ఆవు పొదుగు దగ్గర కూర్చుంది. చేను అటువైపే, కూతవేటు దూరం. ఢామ్మని పేలింది. ఆవు ఎగిరి తన్నింది, పాలచెంబు దొర్లిపోయింది. "పేలింది వదినా! పీడా వదిలింది!" అని నారాయణమ్మ ఒలికిపోయిన పాలను కూడా పట్టించుకోకుండా అవ్వ చేతులు పట్టుకుంది. అవ్వ చెంపలు వేసుకుని దండం పెట్టుకుంది. అంతలోనే అరుపులు వినిపించాయి.

పంది పడలేదు. తూటా దాని పొట్టలో ఈ పక్క దూరి ఆ పక్కనుంచి పోయింది. పోయి వెనకున్న మామిడి మానులో దిగింది. తర్వాత చిన్నాయన స్నేహితులే దాన్ని కత్తితో తవ్వి తీసి, చేతులు మార్చుకుంటూ చూశారు. దెబ్బతిన్న పంది కట్ట సందులో నిలబడి ఉన్న మునియప్ప మీదికి నేరుగా వచ్చి, తొడను కోరతో చీల్చి, పొదల్లోకి పోయింది. రెండోసారి కాల్చడానికి చిన్నాయనకు చేతులు ఆడలేదు. మునియప్పను టెంపోలో వేసుకుని కేజీఎఫ్ ఆసుపత్రికి తెచ్చాం. ప్రాణం దక్కింది. కాలు మాత్రం అవిటిదైపోయింది. చేతికర్ర లేకుండా ఆయన మళ్ళీ చేను చుట్టింది లేదు.

ఆ ఆసుపత్రి వరండా నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఫినాయిల్ వాసన, గోడకు ఆనుకుని కూర్చున్న నారాయణమ్మ, ఆమె పక్కన నెత్తుటి తువ్వాలు పట్టుకుని అవ్వ. నారాయణమ్మ తల ఎత్తి తాతను అడిగింది. "పేలింది గదన్నా. నా చెవులారా విన్నా. పంది పడలేదు యాల?"

అందరూ చిన్నాయన వైపు చూశారు. చిన్నాయన నేల చూపులు చూశాడు. ఉద్యోగం పోయిన మొహం, దాని మీద ఇప్పుడు ఈ మచ్చ. తాత అందుకున్నాడు.

"మీ వదిన ఆ తూటాల్ని చింతపండేసి తోమిందమ్మా. తూటాలో పస పోయింది."

నారాయణమ్మ అవ్వ పక్కనుంచి లేచింది. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "తూటాలు తోమేదేంది వదినా? అవి ఏమన్నా చెంబులా?" అని ఒక్క మాట అని, వరండా ఆ చివర పోయి కూర్చుంది. అవ్వ తాత వైపు చూడలేదు. కొడుకు వైపు చూసి, "పేలింది గదప్పా," అంది. ఎంత మెల్లగా అందంటే, పక్కనున్న నాకు మాత్రమే వినబడి ఉంటుందనుకున్నాను. చిన్నాయన తల ఎత్తలేదు.

పస పోయిన తూటా అంత పందిని తొలుచుకుని మానులో దిగుతుందా? ఈ ప్రశ్న అడగడానికి షికారు తెలిసి ఉండాలా? మామిడి మాను తవ్విన ఆ పెద్దమనుషులకు ఇది తట్టలేదా? నేను అడిగాను. ఇంటికి వచ్చాక తాతను మొహం మీదే అడిగాను. తాత పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పల్లెకు పోయి నారాయణమ్మకు నేనే చెబుతానని బయలుదేరితే, అవ్వ వచ్చి నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. "నా మీద ఒట్టు. వాడికి ఇప్పటికే ఊర్లో మొహం లేదు. ఇది గూడా తెలిస్తే ఇంగ యాడ తలెత్తుకుంటాడు? నేను ముసల్దాన్ని, నన్నేమంటే ఏమి?" అంది. ఆమె బతికున్నన్నాళ్ళూ, ఆమె పోయాక మొన్నటిదాకా కూడా, ఆ ఒట్టు నా నోటికి తాళం. నాకు వాళ్ళందరి మీదా ఎంత కోపమో, ఆ ఒట్టు మీద కూడా అంత కోపం. కన్నకొడుకు పరువు కాపాడుకునే పని కూడా ఆమెకే వచ్చింది చూడండి!

తర్వాత అది కథ అయింది. మొదట తాతే దాన్ని నవ్వులాటగా మార్చాడు. ఆయుధ పూజ వస్తే "తూటాలు దాచండప్పా, చింతపండు వస్తా ఉండాది" అనేవాడు. అంతకుముందు వరండాలో కూర్చుని ఏనుగుల కబుర్లు చెప్పుకున్నవాళ్ళకు ఇది ఇంకా మంచి కాలక్షేపం. పెళ్ళిళ్ళలో వంటపాత్రలు తోమేవాళ్ళను చూపించి, "మా పెద్దమ్మకు ఇవ్వండి, తుపాకీ గూడా తోముతాది" అనేవాళ్ళు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వేది. ఆ నవ్వు నేను చూడలేక లేచిపోయేదాన్ని. ఆమె ఆ తర్వాత ఒక్క ఇత్తడి సామాను తోమలేదు. దీపపు కుందులు నల్లబడిపోయాయి. అడిగితే, చేతులు నొప్పులంటూ స్టీలువి కొనిపించింది.

అదొక్కటే అయితే నేను ఇంత మండిపడను. ఆమె మళ్ళీ తన పుట్టినూరు పోలేదు. నారాయణమ్మ రాలేదు, పిలవలేదు. పిలవని చోటికి, అందులోనూ తన మూలంగా మనిషి కుంటివాడయ్యాడనే ఇంటికి, ఏ మొహం పెట్టుకుని పోతుంది? చెనక్కాయలు కోతకొచ్చే రోజుల్లో వాకిట్లో నిలబడి, ఆ వైపు నుంచి వచ్చే బస్సుల్లో ఎవరు దిగుతారో చూసేది. మునియప్ప కూతురి పెళ్ళికి శుభలేఖ వచ్చింది. పైన తాత పేరొక్కటే ఉంది. తాత పోయి వచ్చాడు. అక్కడ కూడా చింతపండు తూటా కథ చెప్పి నవ్వించి వచ్చాడట. అవ్వ ఆ రోజంతా ఉప్మా కూడా ముట్టలేదు. చివరిదాకా అంతే. ఆమె పోయినప్పుడు మునియప్ప కర్ర ఊతంతో వచ్చి, చూసి పోయాడు. నారాయణమ్మ రాలేదు. ఆ తర్వాత ఆయనా పోయాడు.

తాత పోయాక తుపాకీని, మిగిలిన తూటాలను స్టేషనులో అప్పగించారు. మేం ఖాళీ చేసిన క్వార్టర్సు పెంకులు సగం ఎగిరిపోయాయి. వరండా ఉంది గానీ కూర్చునేవాళ్ళు లేరు. తెల్లవారకముందే అందరూ బెంగళూరు రైలెక్కుతారు. ఆ రోజుల్లో పెద్ద మృగాన్ని కొట్టడమంటే కడుపు కోసం చేను కాపాడుకోవడం. అప్పుడు కూడా మగవాళ్ళ డాబు దానికి అడ్డం వచ్చింది. ఇప్పుడు చేనూ లేదు, కడుపూ లేదు, ఒట్టి డాబు మిగిలింది. దానికి విమానం టిక్కెట్టు. అంతటి వేటకు బయలుదేరిన వీరుడు కూడా చెప్పుకుని నవ్వుకోవడానికి తీసుకుపోయేది ఒక ముసలామె కథ.

అలా మొన్న కిశోర్ కంచం ముందు కూర్చుని ఫోనులో బొమ్మలు జరుపుతుంటే నాకు ఇదంతా గుర్తొచ్చింది. కోపం బయటపడనీయకుండా మెల్లగానే అడిగాను.

"పందికి ఏది వాడతారురా?"

"పందా? మెత్తముక్కుదే అక్కా."

"గట్టిది వాడితే?"

"అయ్యో, వేస్ట్ అక్కా. సూది మాదిరి దూరి ఆ పక్క పోతాది. పంది పడదు. డేంజర్ అక్కా అది, మన మీదికే వచ్చేస్తాది. ఎవురన్నా బుద్ధి లేనోడే పందికి గట్టిది వేస్తాడు."

"ఆ గుల్ల ఇటివ్వు," అన్నాను. వాడి చేతిలోంచి తీసుకుని, అడుగు భాగం వాడికే చూపించాను. తుపాకీ సూది పొడిచిన గుంట స్పష్టంగా ఉంది. నోరు తెరిచి ఉంది, లోపల ఖాళీ. "చింతపండు వల్ల చెడిందంటారే, చెడితే ఇది ఎట్లా పేలిందిరా? పస లేనిది పందిని దాటి మామిడి మానులో ఎట్లా దిగింది? ఇన్నేళ్ళు దీన్ని తాళాలకు తగిలించుకుని తిరిగారే, ఒక్కరన్నా చూశారా దీన్ని?" అని అడిగాను. వాళ్ళ నాన్న, తాత, ఆసుపత్రి వరండా, రెండు డబ్బాలు అన్నీ చెప్పాను. వాడి చేతిలో ముద్ద ఆరిపోయింది.

వాడు అక్కడికక్కడే చిన్నాయనకు ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. చిన్నాయన బంగారపేటలో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. "నాయనా, ఆ పొద్దు నువ్వేసింది గట్టిముక్కుదా?" అన్నాడు కిశోర్. అటువైపు టీవీ మోత ఆగింది.

"ఎవురు చెప్పినారు నీకు?"

"గట్టిదా, కాదా?"

"గట్టిదే."

"మరి అవ్వ తప్పేముండాది అందులో?"

"ఏమీ లేదు లేరా. అది అందురికీ తెలుసు. మీ తాతకీ తెలుసు, మీ అవ్వకీ తెలుసు. ఆయమ్మ ఏమీ అనుకోలేదు. ఇప్పుడెందుకు అవన్నీ?"

అందరికీ తెలుసట! ఏమీ అనుకోలేదట! ఫోను లాక్కున్నాను. "నారాయణమ్మకు తెలుసా చిన్నాయనా?" అని అడిగాను. టీవీ మళ్ళీ మోగింది, ఫోను పెట్టేశాడు.

మరుసటి రోజు కిశోర్ సెలవు పెట్టి తనే వచ్చి నన్ను కారెక్కించుకున్నాడు. క్యాసంబళ్ళి దాటి ఆ పల్లెకు పోయాం. మునియప్ప కొడుకులు పాత ఇంటి ముందు పట్టుపురుగుల షెడ్డు వేశారు. నారాయణమ్మ ఆ షెడ్డు నీడలో నులకమంచం మీద కూర్చుని ఉంది. బాగా వంగిపోయింది, కానీ చెవులు బాగానే వినబడుతున్నాయి. నేనెవరో చెప్పాను. గుల్లను ఆమె అరచేతిలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె దాన్ని బొటనవేలితో అటూ ఇటూ రుద్ది చూసింది.

"పేలింది. నేనూ విన్నా గదమ్మా," అంది చివరికి. "పాలచెంబు గూడా దొర్లింది. అయినా అన్న చెప్తే నమ్మినా. మా వదినను వరండాలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి లేచొచ్చేసినా." కళ్ళు తుడుచుకోలేదు. కిశోర్ వైపు తిరిగి, "నువ్వెవురప్పా?" అని అడిగింది.

"కాల్చినాయన కొడుకుని," అన్నాడు వాడు, నేల చూస్తూ.

"నువ్వొచ్చి ఏం చేస్తావప్పా? అప్పుడు నువ్వు ఉయ్యాల్లో ఉన్నోడివి. మీ నాయన్ని పంపీ. ఆయన నోటితో ఆయన్నే చెప్పమను. నేను ఈడ్నే ఉంటా."

గుల్లను తిరిగి ఇవ్వలేదు. కిశోర్ అడగనూ లేదు. తిరిగొచ్చేటప్పుడు వాడు బంగారపేటలో వాళ్ళ నాన్న ఇంటి ముందు కారాపి లోపలికి పోయాడు. ఇద్దరూ గట్టిగా అరుచుకోవడం నాకు బయటికి వినబడింది.

ఆఫ్రికా ప్రయాణం ఉందో మానుకున్నాడో నేను అడగలేదు. బంగారపేట నుంచి క్యాసంబళ్ళికి బస్సులకేమీ కొదవ లేదు. చిన్నాయన ఇంకా వెళ్ళలేదు.